ముక్కుకు తెలిసే పులుపు: జపాన్ వంటింట్లో బియ్యపు వెనిగర్

(విజయవాడలో కొద్దిమంది వంట ప్రియుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఇంకా చోటుంది, వెనక నిలబడ్డవాళ్లు దయచేసి రండి. ఈ రోజు మీ చెవులకంటే ముక్కుకే పని ఎక్కువ.

మీ దగ్గరకు రెండు గిన్నెలు వస్తున్నాయి. ఒకదాంట్లో చింతపండు రసం ఉంది. పొద్దున్నే నానబెట్టి, పిసికి, వడగట్టి తెచ్చాను. రెండో దాంట్లో బియ్యంతో చేసిన జపాన్ వెనిగర్. తాగవద్దు, వాసన మాత్రం చూడండి. మొదట చింతపండు, తర్వాత వెనిగర్. అయ్యో, అంత దగ్గరగా కాదండీ!

(సభలో దగ్గులు, నవ్వులు.)

చూశారు కదా. చింతపండు గిన్నెలో ముక్కు ముంచినంత పని చేసినా అది మనల్ని ఏమీ అనదు. కాస్త పండు వాసన, కాస్త బెల్లం వాసన. నాలుక మీద పడితే గాని తన పులుపు సంగతి బయటపెట్టదు. వెనిగర్ అలా కాదు. గిన్నె మీ చేతికి రాకముందే పక్కవాళ్ల దగ్గరి నుంచి పలకరిస్తుంది. మన పులుపు నాలుకకు తెలుస్తుంది, ఈ పులుపు ముందు ముక్కుకు తెలుస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. జపాన్ ఇళ్లలో వెనిగర్‌తో చేసే పనులన్నీ ఈ ఒక్క తేడా నుంచి పుట్టినవే.

చింతపండు పులుపుకు ముఖ్య కారణం టార్టారిక్ ఆమ్లం. అది ఆవిరయ్యే రకం కాదు. గంటసేపు మరిగించినా గిన్నెలోనే ఉంటుంది, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే మనవాళ్లు ధైర్యంగా పులుసును ఉడకనిస్తారు, చారును తెర్లనిస్తారు, పచ్చివాసన పోయేదాకా పొయ్యి దించనివ్వరు. వెనిగర్‌లో ఉండేది అసిటిక్ ఆమ్లం. అది గది వేడికే గాలిలోకి లేస్తుంది. పొయ్యి మీద పెడితే ఇక చెప్పక్కర్లేదు.

ఈ సంగతి నేను చదివి తెలుసుకున్నది కాదు. జపాన్‌లోని నగోయాలో కాపురం పెట్టిన మొదటి చలికాలంలో ఒక ఆదివారం చింతపండు అయిపోయింది. పప్పు ఉడికింది, ఇంగువ పోపు సిద్ధంగా ఉంది, పులుపు లేదు. బియ్యపు వెనిగర్ సీసా కనిపించింది. బియ్యంతో చేసిందేగా, మన బంధువే అనుకుని, సగం గ్లాసు పప్పుచారులో పోసి, అలవాటు ప్రకారం పది నిమిషాలు తెర్లించాను. చిన్న వంటిల్లు, కిటికీలు మూసి ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు, కళ్లలో నీళ్లు. తలుపులన్నీ తెరిచి వాకిట్లో నిలబడితే, కింది అంతస్తులో ఉండే పెద్దావిడ మెట్లెక్కి వచ్చి చాలా మర్యాదగా అడిగింది, "కెటిల్ శుభ్రం చేస్తున్నారా?" అని. అక్కడ కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి పొర వదలడానికి వెనిగర్ నీళ్లు మరిగించడం మామూలే. వంట చేస్తున్నానంటే ఆవిడ నమ్మలేదు.

ఇంతా చేసి ఆ పప్పుచారు పుల్లగా ఉందా అంటే, అదీ లేదు. ఘాటు ఇల్లంతా పంచి, పులుపులో కొంత గాలికి వదిలేసి, చప్పటి రుచి ఒకటి గిన్నెలో మిగిల్చింది.

ఆవిడే మర్నాడు పిలిచి నాకు మొదటి పాఠం చెప్పింది. జపాన్‌లో ఇంటి వంట నేర్చుకునే ప్రతి పిల్లకూ చెప్పే వరస అది: స, షి, సు, సే, సో. మన గుణింతంలాగా వాళ్ల అక్షరమాలలో అదొక వరుస. స అంటే సతో, పంచదార. షి అంటే షియో, ఉప్పు. సు అంటే వెనిగరే. సే అంటే షోయు, సోయా సాస్; పాత రాతలో ఆ మాట సేతోనే మొదలయ్యేది. సో అంటే మిసోలోని చివరి అక్షరం; మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. ఉడికే కూరలో రుచులు ఏ వరుసలో వేయాలో చెప్పే సూత్రం ఇది. పంచదార నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి ముందు వెళ్లాలి. ఉప్పు ముందు వేస్తే తీపికి దారి ఇవ్వదు. వాసనే ప్రాణంగా ఉన్నవి తర్వాత రావాలి, లేకపోతే ఆ ప్రాణం ఆవిరైపోతుంది. వెనిగర్ సరిగ్గా నడిమధ్య కూర్చుంది. మరీ ముందు వేస్తే ఎగిరిపోతుంది, మరీ చివర వేస్తే ముక్కును పొడుస్తుంది.

ఆ పొడవడానికి వాళ్ల దగ్గర ఒక మాట ఉంది, త్సున్. మనం చురుక్కుమంది అంటామే, అలాంటి ధ్వన్యనుకరణం. వసాబి అనే ఘాటు ముద్ద తిన్నా త్సున్, వెనిగర్ పీల్చినా త్సున్. దానికి ఎదురు మాట మరోయక. గుండ్రంగా, మెత్తగా, కోసుగా లేకుండా ఉండడం. మంచి వెనిగర్ వంటకం తిని జపాన్ వాళ్లు "పులుపు బాగుంది" అనరు. "మూలలు అరిగాయి" అంటారు. వెనిగర్‌కు మూలలు ఎలా అరగదీస్తారన్నదే అసలు పనితనం.

అక్కడికి వెళ్లే ముందు అంగడి సంగతి కాస్త. జపాన్ సూపర్ మార్కెట్లో వెనిగర్ల అర ముందు నిలబడితే మతి పోతుంది. పేర్లతో మొదలుపెడదాం. వెనిగర్‌ను సు అంటారు. వేరే మాట వెనక చేరితే చాలాసార్లు అది జు అవుతుంది. బియ్యం, అంటే కొమె, దాని వెనిగర్ కొమెజు. నల్లది కురోజు. తియ్యటిది అమజు. బడిలో గసడదవాదేశ సంధి చదువుకున్నవాళ్లకు ఇది వింతగా ఉండదు. వాళ్ల హల్లులూ రెండో మాట మొదట అలాగే మెత్తబడతాయి.

అన్నిటికంటే చవకది కోకుమోత్సు సు, ధాన్యపు వెనిగర్. గోధుమ, బియ్యం, మొక్కజొన్న కలిసి ఉంటాయి. ఘాటు ఎక్కువ, పొయ్యి మీది వంటకు నప్పుతుంది. తర్వాతది కొమెజు. సీసా మీద ఆ పేరు వేసుకోవాలంటే లీటరుకు కనీసం 40 గ్రాముల బియ్యం వాడి ఉండాలని జపాన్ ప్రమాణం. 40 గ్రాములంటే ఎంతండీ? ఒక పిడికెడు. లీటరు వెనిగర్‌కు పిడికెడు బియ్యంతో సరిపెట్టి, మిగిలిన పులుపు కోసం విడిగా ఆల్కహాలు కలిపి పులియబెట్టినా అది కొమెజు కిందే లెక్క. అందుకే వెనక చీటీ చూడాలి. బియ్యం ఒక్కటే ఉంటే దాన్ని జున్‌మై అంటారు, శుద్ధ బియ్యపుది. క్యోటో ఉత్తరాన సముద్రం ఒడ్డున మియాజు అనే ఊళ్లో ఈయో అనే కుటుంబం 1893 నుంచి వెనిగర్ చేస్తోంది. వాళ్ల మామూలు సీసాలోనే లీటరుకు 200 గ్రాముల బియ్యం. అది వాసన చూస్తే ఘాటుకంటే ముందు అన్నం కమ్మదనం తెలుస్తుంది. ఖరీదూ అలాగే తెలుస్తుంది.

ఇక సుషి సు, అంటే సుషి అనే పుల్లన్నపు వంటకానికి వాడేది, అని మరో సీసా ఉంటుంది. దాంట్లో పంచదార, ఉప్పు ముందే కలిపేస్తారు. ఆ సంగతి తెలియక ఒకసారి నేను అదే తెచ్చి అల్లం పచ్చడిలో పోశాను. పచ్చడి పానకమైంది. ఇక్కడ కొనేవాళ్లు కూడా చూసుకోండి. సీజన్డ్ అని రాసి ఉంటే అది ఈ బాపతే. అన్నంలో కలపడానికి పనికొస్తుంది గాని మిగతా వంటలకు తీపి ఎక్కువవుతుంది. మన కిరాణా కొట్లలో చవకగా దొరికే తెల్ల వెనిగర్ చాలావరకు సింథటిక్ రకం. అసిటిక్ ఆమ్లంలో నీళ్లు కలిపింది. చీటీ మీద ఆ మాట ఉండి తీరాలి, చదవండి. దానితో జపాన్ వంట చేయవచ్చా అంటే, చేయవచ్చు, కానీ అరగదీయడానికి దాంట్లో ఏమీ లేదు. అన్నీ మూలలే.

మంచి బియ్యపు వెనిగర్‌లో మెత్తదనం ఎక్కడి నుంచి వస్తుంది? బియ్యం మూడు జన్మలెత్తుతుంది. ఆవిరి మీద ఉడికించిన బియ్యం మీద కోజి అనే బూజు విత్తనం చల్లుతారు. రెండు రోజుల్లో గింజ గింజకూ దూది అంటినట్టు తెల్లగా కమ్ముకుంటుంది. మన ఇంట్లో అన్నానికి అలా పడితే పారబోస్తాం. వాళ్లు కళ్లకద్దుకుంటారు. 2006లో జపాన్ మద్య తయారీ శాస్త్రజ్ఞుల సంఘం దాన్ని జాతీయ శిలీంధ్రంగా ప్రకటించింది. జాతీయ పక్షి, జాతీయ పుష్పం మనకూ ఉన్నాయి, జాతీయ బూజు మాత్రం వాళ్లకే. (నవ్వులు.) ఈ బూజు గింజలోని పిండిని చక్కెర చేస్తుంది. ఈస్ట్ ఆ చక్కెరను సారా చేస్తుంది, అదే సాకే. ఆ సాకేలో పాత వెనిగర్ కొంత పోసి, మూత పెట్టి వదిలేస్తే, పాల మీద మీగడ కట్టినట్టు పైన పలచటి పొర కడుతుంది. ఆ పొర నిండా బ్యాక్టీరియా. అవి గాలి పీల్చుకుంటూ సారాను వెనిగర్ చేస్తాయి. పాత పద్ధతిలో దీనికి నెలలు పడుతుంది, ఆ తర్వాత ఇంకొన్ని నెలలు ఊరాలి. పెద్ద ట్యాంకుల్లో కిందనుంచి గాలి ఊదుతూ చేస్తే రోజుల్లో తెమిలిపోతుంది. పులుపు రెండిట్లోనూ వస్తుంది. బియ్యం నుంచి దిగే అమైనో ఆమ్లాలు, ఊరడంలో వచ్చే కమ్మదనం మాత్రం తొందరపెడితే రావు.

కగోషిమాలో ఫుకుయామా అనే చోట ఈ మూడు జన్మలూ ఒకే కుండలో జరుగుతాయి. సుమారు రెండు వందల ఏళ్లుగా అక్కడ ఇదే పద్ధతి. ఎదురుగా సముద్రం, దాని మధ్య పొగ చిమ్మే సకురజిమా అగ్నిపర్వతం. కొండవాలులో ఆరుబయట నల్లటి కుండలు, వేలకు వేలు, వరుసలు తీర్చి ఉంటాయి. మన పొలంలో మిరప మొక్కలు నాటినట్టు కుండలు నాటారా అనిపిస్తుంది. వాళ్లూ ఆ చోటును కుండల పొలం అనే అంటారు. ఒక్కో కుండలో 54 లీటర్లు పడుతుంది. అడుగున కోజి, దాని మీద ఉడికించిన ముడి బియ్యం, నీళ్లు, ఆపైన మళ్లీ పొడి కోజి ఒక పరుపులా చల్లుతారు. ఆ పరుపు చెడ్డ క్రిములకు మూత. మిగతాది ఎండ చూసుకుంటుంది. ఏడాది నుంచి మూడేళ్లు ఉంచితే అది కురోజు, నల్ల వెనిగర్ అవుతుంది. దాని ప్రమాణం లీటరుకు 180 గ్రాముల బియ్యం. వంటలోకంటే నీళ్లలో కలిపి తాగడానికే ఎక్కువ కొంటారు.

ఈ కుండ మాట చెబుతుంటే ఇక్కడ ఒక పెద్దమ్మగారు తరవాణి కుండ అంటున్నారు. అవునమ్మా, నేనూ అక్కడికే వస్తున్నాను. అన్నం, గంజి పులియబెట్టి పుల్లటి నీళ్లు చేసుకోవడం మనకూ తెలుసు. కానీ మన తరవాణిలో పులుపు పెరుగులో ఉండేలాంటిది, లాక్టిక్ ఆమ్లం. అది కూడా ముక్కును పొడిచే రకం కాదు. మనం ఆ మెట్టు మీద ఆగాం. వాళ్లు సాకే మీదుగా వెనిగర్ దాకా వెళ్లారు.

విచిత్రం ఏమిటంటే, సుషి పుట్టింది ఈ తరవాణి పులుపుతోనే. సుషి అంటే పాత జపాన్ మాటలో పుల్లనిది అని అర్థం, చేప అని కాదు. బివా సరస్సు దగ్గర ఇప్పటికీ ఫునజుషి చేస్తారు. సరస్సు చేపను ఉప్పులో ఊరబెట్టి, తర్వాత అన్నం మధ్య పెట్టి, పైన బరువు పెట్టి నెలల తరబడి వదిలేస్తారు. అన్నం పులిసి చేపను కాపాడుతుంది. దాంట్లో వెనిగర్ చుక్క ఉండదు. వాసన సంగతి అడగవద్దు, మన ఎండుచేపల సంత దాని ముందు పూలకొట్టు. నెలలు ఆగడం ఎవరికి ఇష్టం? అన్నం పులిసేదాకా ఆగే బదులు పులుపునే తెచ్చి అన్నంలో కలిపేస్తే పోలేదా అని ఎవరికో తోచింది. అదే వేగం సుషి. వెనిగర్ ఆ నెలలను మింగేసింది.

నగోయా నుంచి రైల్లో గంట లోపు వెళితే హండా అనే ఊరు. కాలువ గట్టున నల్లచెక్క గోడల గోదాములు ఉంటాయి. అక్కడ నకానో మతజాయెమోన్ అనే సాకే వ్యాపారి 1804లో సాకే వడగట్టగా మిగిలిన పిప్పితో వెనిగర్ చేయడం మొదలుపెట్టాడు. ఈనాడు ప్రపంచమంతా అమ్ముడయ్యే మిజ్కాన్ ఆ కొట్టే. పిప్పిని ఏళ్ల తరబడి మగ్గబెడితే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, దాని వెనిగర్ ఎర్రగా ఉంటుంది. ఆ రోజుల్లో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, చేత్తో ముద్ద నొక్కి చేప ముక్క అతికించే సుషి బండ్ల మీద కొత్తగా వస్తోంది. పంచదార ఖరీదైన కాలం. ఈ ఎర్ర వెనిగర్‌లో సహజంగా కాస్త తీపి, కమ్మదనం ఉన్నాయి, పైగా చవక. ఓడలకెక్కి ఎదోకు వెళ్లింది. పారేసే పిప్పితో ఒక నగరపు వీధి తిండి రుచి మారిపోయింది. కొబ్బరి పిప్పితో పచ్చడి చేసుకునే మనకు ఆ తెలివి అర్థమవుతుంది.

సరే, వంటింట్లోకి వద్దాం. సుషి అన్నం కలపడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. పులిహోర కలిపిన చెయ్యి ఉంటే చాలు. నిజంగానే చెబుతున్నాను. మా పెద్దావిడ ఇంట్లో మార్చి 3న బొమ్మల పండుగకు చిరాషి సుషి, అంటే సుషి అన్నం మీద రకరకాల ముక్కలు చల్లేది, చేస్తుంటే, ఆ చెక్క తొట్టి, వేడన్నం, విసనకర్ర చూసి నాకు మా ఇంటి వరలక్ష్మీ వ్రతం గుర్తొచ్చింది. వెడల్పాటి పళ్లెంలో అన్నం ఆరబోయడం, మెతుకు చిదమకుండా కలపడం, అంతా అదే. తేడా ఒక్కచోటే ఉంది. మనం పులిహోర పులుసును ముందే ఉడికించి, నూనె తేలేదాకా చిక్కబరిచి కలుపుతాం. వాళ్లు వెనిగర్‌ను మరిగించరు.

కొలత రాసుకునేవాళ్లు రాసుకోండి. వాళ్ల కప్పును గో అంటారు, 180 మిల్లీలీటర్లు. మూడు గోల బియ్యం, అంటే సుమారు 450 గ్రాములు. మన సన్నబియ్యం పొడిపొడిగా ఉంటుంది కాబట్టి కుదరదు, జపాన్ పొట్టి బియ్యమే కావాలి. నీళ్లు కొంచెం తగ్గించి బిరుసుగా వండాలి, పైన కొంబు అనే సముద్రపు నాచు ముక్క ఒకటి వేస్తే మంచిది. వెనిగర్ నాలుగు పెద్ద చెంచాలు, పంచదార రెండు నుంచి మూడు, ఉప్పు ఒకటిన్నర చిన్న చెంచా. కరిగేదాకా కలపాలి. కరగకపోతే కాస్త వెచ్చబెట్టవచ్చు, పొంగనివ్వకూడదు.

ఇక్కడ నేను గరిటె పట్టుకుని చూపిస్తాను. తొట్టిని ముందు తడి బట్టతో తుడవాలి, లేకపోతే చెక్క వెనిగర్‌ను తాగేస్తుంది. అన్నం పొయ్యి దించి కాసేపు మగ్గగానే, ఇంకా పొగలు కక్కుతుండగానే, తొట్టిలో బోర్లించాలి. వెనిగర్‌ను నేరుగా పోయరు. గరిటెను అన్నం పైన అడ్డంగా పట్టుకుని దాని మీదుగా జార్చుతారు, అన్ని వైపులా పడేలా. వేడిగా ఉన్నప్పుడే మెతుకు పీల్చుకుంటుంది. చల్లారాక పోస్తే పైన తడిగా నిలిచిపోతుంది. తర్వాత గరిటె అంచుతో కోస్తున్నట్టు, ఇలా, ఏటవాలుగా. తిప్పకూడదు, నొక్కకూడదు. కలిసిపోయాక అప్పుడు విసనకర్ర. మొదటినుంచే విసిరితే వెనిగర్ ఇంకకముందే అన్నం చల్లారిపోతుంది. విసిరేటప్పుడు ఎక్కువైన తడి పోతుంది, మెతుకుకు మెరుపు వస్తుంది, దాంతో పాటు ఆ త్సున్ కూడా లేచిపోతుంది. నిలబడి విసిరేవాళ్లకే దగ్గు, తినేవాళ్లకు ఉండదు. మనిషి ఒంటి వెచ్చదనానికి వచ్చాక ఆపి, తడి బట్ట కప్పాలి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, రాళ్లయిపోతుంది.

ఇప్పుడు దోసకాయ. ఇది సునోమోనో, వెనిగర్ వంటకాల్లో అన్నిటికంటే చిన్నది, రోజువారీది. పక్క బల్ల మీద మా అమ్మాయి పది నిమిషాల క్రితం కీర దోసకాయలు పలచగా తరిగి ఉప్పు చల్లి పెట్టింది. చూడండి, గిన్నె వంచితే ఎన్ని నీళ్లు వచ్చాయో. ఈ పని మానేస్తే ఆ నీళ్లన్నీ తర్వాత వెనిగర్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తాయి. అప్పుడు పులుపు చాలలేదని ఇంకా పోస్తాం, ముక్కుకు ఘాటు, నాలుకకు చప్పదనం. ఉప్పు వేసిన ముక్కలను గుప్పెట్లో పట్టుకుని గట్టిగా పిండాలి. ఇదిగో, వంచితే విరగడం లేదు, గుడ్డపీలికలా వంగుతోంది. కొరికితే మాత్రం కరకర.

దీంట్లోకి కలిపేది సంబాయిజు, మూడు కప్పులది అని. పూర్వం వెనిగర్, సోయా సాస్, మిరిన్ సమానంగా. మిరిన్ అంటే వాళ్ల తియ్యటి వంట సారా. రెండు కప్పులది నిహాయిజు, దాంట్లో తీపి ఉండదు, పీతల వంటి వాటికి. ఇళ్లలో ఇప్పుడు అంత సోయా ఎవరూ పోయరు. మా పెద్దావిడ కొలత ఇదీ: వెనిగర్ రెండు పెద్ద చెంచాలు, పంచదార ఒకటి, సోయా సాస్ ఒక చిన్న చెంచా. ఆపైన దాషి, అంటే కొంబు, ఎండు చేప పలుకులు వేసి కాచిన కట్టు, ఒకటి రెండు చెంచాలు. శాకాహారులు కొంబు ఒక్కదానితో చేసుకోండి. మూలలు అరగదీసేది ఈ దాషే. తీపి పులుపుతో పోట్లాడుతుంది, దాషి మాత్రం మధ్యవర్తిత్వం చేస్తుంది. నానబెట్టిన వకమె నాచు కాస్త, పైన వేయించిన నువ్వులు. వడ్డించే ముందే కలపాలి, ముందే కలిపి ఉంచితే ఆకుపచ్చ రంగు పాలిపోతుంది. మా ఇంటికి వచ్చిన జపాన్ అతిథులు ఎవరైనా ఇది తింటూ దగ్గితే నేను వంటలో తప్పానని అర్థం. మనలో పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని సరిపెట్టుకుంటాం, అక్కడ ఆ సౌకర్యం లేదు.

పొయ్యి మీద వెనిగర్ పెట్టరా అని ఎవరో అడుగుతున్నారు. పెడతారు, తెలిసి పెడతారు. కోడి రెక్కలు, అల్లం, వెల్లుల్లి, ఉడికించిన గుడ్లు వేసి వెనిగర్, సోయా సాస్ సమానంగా, కాస్త పంచదార, నీళ్లతో ఇరవై నిమిషాలు ఉడికించే కూర ఒకటి ప్రతి ఇంట్లోనూ చేస్తారు. అక్కడ ఘాటు కావాలనే పోగొడతారు. మిగిలిన పులుపు ఎముక దగ్గరి మాంసాన్ని మెత్తబరుస్తుంది. ఆ కూరకు ఖరీదైన వెనిగర్ వాడకండి, దండగ. చవక ధాన్యపుదే చాలు. కిటికీ మాత్రం తెరవండి, నా అనుభవం విన్నారుగా.

ఇంకొకటి నంబంజుకె. చిన్న చేపలను పిండి అద్ది వేయించి, నూనెలోంచి తీసిన వేడిమీదే వెనిగర్, ఉల్లిపాయ, ఎండుమిరపకాయ కలిపిన పులుసులో పడేస్తారు. నంబన్ అంటే దక్షిణాది అనాగరికులు. పదహారో శతాబ్దంలో ఓడల మీద వచ్చిన పోర్చుగీసువాళ్లకు పెట్టిన పేరు. ఎండుమిరప, నూనెలో వేయించడం, వెనిగర్‌లో ఊరవేయడం కలిస్తే అది వాళ్ల వంటగా లెక్క. అదే పోర్చుగీసువాళ్లు గోవాలో దిగి విందాలూ అనే పుల్లటి కారం కూరకు కారణమయ్యారు. ఒకే ఓడల దారిలో రెండు ఊళ్ల కూరలు. మిరపకాయ కూడా ఆ ఓడల మీదే మనదాకా వచ్చింది కాబట్టి వాళ్ల మీద నాకు పెద్దగా కోపం లేదు.

చిన్న చిన్న పనులు కొన్ని త్వరగా చెప్పేస్తాను. తామర దుంప తరిగిన వెంటనే వెనిగర్ నీళ్లలో వేస్తే నల్లబడదు. ఉడికేటప్పుడూ కాస్త పోస్తే కరకరలాడుతూ ఉంటుంది, మెత్తబడదు. మన వంకాయ ముక్కలను ఉప్పునీళ్లలో వేసే బుద్ధే ఇది. లేత అల్లాన్ని తీపి వెనిగర్‌లో వేస్తే రంగు వేయకుండానే లేత గులాబీ అవుతుంది. సుషి ముద్ద కట్టేటప్పుడు చేతులకు వెనిగర్ నీళ్లు రాసుకుంటే అన్నం అంటుకోదు. ఒక హెచ్చరిక కూడా. కానాగడతలను ఉప్పులో, వెనిగర్‌లో ఊరబెట్టి పచ్చిగా తినే షిమెసబా అనే వంటకం చూసి ఇంట్లో ప్రయత్నించకండి. చేప పైపైన తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది గాని, దాంట్లో ఉండే అనిసాకిస్ పురుగును వెనిగర్ చంపదు. బాగా ఉడికిస్తేనో, మైనస్ 20 డిగ్రీల్లో ఒక రోజంతా గడ్డకట్టిస్తేనో గాని చావదు.

ప్రశ్నలు అడగండి.

(ఆవకాయలో వాడవచ్చా అని ఒకరు అడిగారు.)

వద్దండీ. ఆవకాయకు దాని పులుపు దానికుంది. అంగట్లో కొనే పచ్చళ్ల చీటీ మీద ఆమ్లత్వ నియంత్రకం 260 అని చూసి ఉంటారు, అది అసిటిక్ ఆమ్లమే. కానీ జపాన్ బియ్యపు వెనిగర్‌లో ఆ ఆమ్లం నాలుగు నాలుగున్నర శాతమే. దాంట్లో పంచదార, నీళ్లు కూడా కలిపితే ఏడాది నిల్వకు సరిపోదు. వాళ్ల తీపి వెనిగర్ ముల్లంగి కూడా ఫ్రిజ్‌లో పెట్టుకుని కొద్ది రోజుల్లో తినేసేదే. కొత్త సంవత్సరానికి ముల్లంగి, క్యారెట్ దారాల్లా తరిగి తెలుపు, ఎరుపు కలిపి చేసే నమసు కూడా అంతే.

(బియ్యపు వెనిగర్ దొరకకపోతే ఏం చేయాలని మరొకరు.)

నిమ్మకాయ. మొహమాటపడకండి, అది రాజీ కాదు. జపాన్‌లోనూ తొకుషిమాలో సుదచి, ఓయితాలో కబొసు అనే చిన్న పుల్ల కాయలు పిండుతారు, వాటి రసంతో చేసేది పోన్‌జు. మన నిమ్మ వాటికి చుట్టమే. లేదంటే ఆపిల్ వెనిగర్‌లో కాస్త నీళ్లు, చిటికెడు పంచదార కలపండి. సింథటిక్‌ది తప్ప మరేమీ లేకపోతే ఆ రోజుకు పెరుగు పచ్చడి చేసుకోండి.

(పెద్దమ్మగారు: పొద్దున్నే పరగడుపున తాగితే ఒళ్లు తగ్గుతుందంటారు, నిజమేనా?)

ఒళ్లు సంగతి వైద్యులను అడగాలమ్మా. నేను చెప్పగలిగింది ఒక్కటే, నీళ్లు కలపకుండా తాగితే పళ్ల మీది పింగాణీ పోతుంది, గొంతు మండుతుంది. మా కింది ఇంటావిడకు ఎనభై దాటాయి. ఆవిడ వెనిగర్ తాగగా నేను చూసింది ఒక్క చోటే. సునోమోనో తిన్నాక గిన్నె అడుగున దోసకాయ నీళ్లు, నువ్వులు కలిసిన రెండు చెంచాల పులుసు మిగులుతుంది. రెండు చేతులతో గిన్నె ఎత్తి అది తాగేస్తుంది.

అదిగో, మా అమ్మాయి గిన్నెలు తెస్తోంది. ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని వెనక్కి అందించండి. ముందు వాసన చూడండి, ఇందాకటి గిన్నెతో పోల్చి చెప్పండి. ఆ మూలన దగ్గింది ఎవరండీ? అయితే మీ గిన్నెలో దాషి తక్కువ పడింది, ఇటు ఇవ్వండి, కలిపి ఇస్తాను.